మూసిన కిటికీలు మళ్ళీ తెరుచుకున్న ఇల్లు

2009వ సంవత్సరం, అక్టోబరు నెల. పెన్సిల్వేనియా ఈశాన్య భాగాన, ఒకప్పుడు బొగ్గు గనుల మీద బతికిన చిన్న చిన్న ఊళ్ళ మధ్య నేను ఎనర్జీ ఆడిటర్‌గా పనిచేస్తున్నాను. ఈ పని ఏమిటో మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆడిటర్ అనగానే జమాఖర్చులు చూసేవాడిననుకుంటారు. ఒక పెళ్ళిరోజు పార్టీలో ఒక పెద్దాయన నన్ను పక్కకి లాక్కెళ్ళి తన ట్యాక్స్ గొడవంతా చెప్పుకుని, చివరికి నేను ఇళ్ళు చూసేవాడినని తెలిసి కోపం కూడా తెచ్చుకున్నాడు. నేను చూసేది ఇళ్ళనే. చలికాలంలో ఇంట్లో వేడి ఎక్కణ్ణుంచి బయటికి పోతోంది, చలిగాలి ఏ సందులోంచి లోపలికి వస్తోంది అని వెతికి, ఆ సందులు మూయించడం నా పని.

శ్రీధర్ ఆ నెలలోనే ఫోన్ చేశాడు.

"ప్రసాద్ గారూ, మీరు తెలుగువాళ్ళని తెలిసి చాలా హ్యాపీగా ఉందండీ. ఇక్కడి కాంట్రాక్టర్లు నేను చెప్పేది అస్సలు వినట్లేదు."

"మీరేం చెప్పారు వాళ్ళకి?"

"కిచెన్‌లో రేంజ్ కుకర్ ఉందండీ. దాంతోనే మూడు ఫ్లోర్లూ హీట్ చేయొచ్చు. నేను రీసెర్చ్ చేశాను."

సొంతంగా రీసెర్చ్ చేసిన క్లయింట్ అంటే నాకు అప్పటికే భయం. అయినా వెళ్ళాను.

శ్రీధర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఇంటి నుంచే పని. భార్య మాధవి ఆ ఊరి ఆసుపత్రిలో డాక్టరు. ఆమె ఉద్యోగం కోసం వచ్చి, ఊరి చివర గుట్ట మీద ఒక పాత చెక్క ఇల్లు కొనుక్కున్నారు. ఎప్పుడో గని మేనేజరు కట్టుకున్నదట. మూడంతస్తులు, ఎత్తైన గదులు, వంపు తిరిగిన మెట్లు, రంగు అద్దాల కిటికీలు. ఫోటోకి బాగుంటుంది. లోపల హాల్లో నిలబడితే ప్యాంటు అంచులు గాలికి కదిలేవి. సెల్లార్‌లో ఉన్న ఆయిల్ ఫర్నెస్ దగ్గుతూ మూలుగుతూ ఎంత వేడి పంపినా, అది మెట్ల దారిన అటకెక్కి, అటక కంతల్లోంచి ఆకాశంలోకి పోయేది. పైనుంచి వేడిగాలి పోయిన కొద్దీ కిందనుంచి చలిగాలి దూరుతుంది. దీన్ని మా పనిలో స్టాక్ ఎఫెక్ట్ అంటారు. ఇల్లంతా ఒక పెద్ద పొగగొట్టంలా పనిచేస్తుందన్నమాట.

ఆ ఇంట్లో వెచ్చగా ఉండేది వంటగది ఒక్కటే. అక్కడ ఉంది ఆ రేంజ్ కుకర్. పోత ఇనుముతో చేసి, పైన ఆకుపచ్చ ఎనామిల్ పూసిన పొయ్యి. బీరువాని అడ్డంగా పడుకోబెడితే ఎంత ఉంటుందో అంత. పైన రెండు పెద్ద పెనాల్లాంటి పలకలు, వాటికి మూతలు, కింద అవెన్లు. ఆ ప్రాంతంలో దొరికే ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు వేసి రాత్రీ పగలూ ఆరకుండా ఉంచుతారు. ఆ బొగ్గుకి పొగ రాదు, వాసనా రాదు. నీలం మంటతో నిలకడగా కాలుతుంది. ఈ ఇల్లు చూడడానికి వచ్చిన రోజు బయట మంచు పడుతోందట. మాధవి ఆ పొయ్యికి వీపు ఆనించి నిలబడి, "ఇదే కొందాం" అందట. మిగతా గదులు చూశారో లేదో నాకు అనుమానమే.

నేను వీధి తలుపు చట్రానికి బ్లోయర్ డోర్ బిగించాను. అంటే తలుపు స్థానంలో గట్టి గుడ్డ, దానికో పెద్ద ఫ్యాను. అది ఇంట్లో గాలిని బయటికి లాగుతుంటే, బయటి గాలి ఎన్ని సందుల్లోంచి లోపలికి దూరుతోందో లెక్క తెలుస్తుంది. ఆ ఇంట్లో సందులు వెతకాల్సిన పనే లేకపోయింది. కర్టెన్లు లేచాయి. మెట్ల కింద అలమర తలుపు దానంతటదే తెరుచుకుంది.

"అటకతో మొదలుపెడదాం. తర్వాత సెల్లార్ గోడల పైభాగం. ఆ తర్వాత తలుపులు, కిటికీలు," అన్నాను.

"ముందు కిటికీలు చేద్దామండీ. ఇంటర్నెట్ ఫోరమ్‌లో అందరూ అదే అంటున్నారు."

ఒక గంట వాదించాక అటకే ముందు అని ఒప్పుకున్నాడు. ఆ గంటలో సగం అటక పని అయిపోయేది.

నవంబరులో మా మనుషులు వచ్చి పని పూర్తి చేశారు. అటకలో ఇన్సులేషన్ పరిచారు, సందుల్లో ఫోమ్ కొట్టారు, తలుపులకీ కిటికీలకీ రబ్బరు స్ట్రిప్పులు అతికించారు. ఇల్లు బిగించాక, నిప్పు ఉన్న ఇంట్లో తప్పనిసరిగా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. తలుపులన్నీ మూసి, ఇంట్లోని ఫ్యాన్లన్నీ వేసి, పొయ్యి గాలి పొగగొట్టం గుండా పైకే పోతోందా లేదా అని చూస్తాం. పైకే పోయింది. కార్బన్ మోనాక్సైడ్ అలారాలు శ్రీధర్ చేతికిచ్చి, వంటగదిలో ఒకటి, పడకగదుల దగ్గర ఒకటి పెట్టమన్నాను. ఇంట్లోకి దూరే గాలి మునుపటికి సగమైంది. మాధవి హాల్లో స్వెట్టర్ తీసేసి తిరుగుతోంది. అప్పటికామెకి ఆరో నెల. ఫిబ్రవరిలో డెలివరీ. నేను సంతోషంగా ఇంటికొచ్చాను.

డిసెంబరులో శ్రీధర్ ఫోన్. "అన్నా, మళ్ళీ మొదటికొచ్చింది. పైన చేతులకి గ్లవ్స్ వేసుకుని కోడింగ్ చేస్తున్నాను."

నేను గారు నుంచి అన్న అయిపోయాను గనక మెల్లగా మాట్లాడక తప్పలేదు. "ఏమైనా తెరిచి పెట్టారా?"

"ఏమీ తెరవలేదన్నా. మీ స్ట్రిప్సే క్వాలిటీ లేదేమో."

మంచులో గంటంబావు డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. బ్లోయర్ డోర్ పెట్టి చూస్తే అంకె దాదాపు మొదటి రోజు ఉన్నంతే. నా కళ్ళని నేను నమ్మలేదు. తిరిగి చూస్తే వెనక తలుపుకి స్ట్రిప్పు లేదు. వంటగది పక్క స్టోర్‌రూమ్ కిటికీ జానెడు పైకి లేచి ఉంది. అటకకి వెళ్ళే పలక పక్కకి జరిగి ఉంది.

"ఉడతలు," అన్నాడు శ్రీధర్.

"ఉడత కిటికీ గొళ్ళెం తియ్యదు శ్రీధర్."

"అయితే మీ మనుషులు సరిగ్గా వెయ్యలేదేమో."

అన్నీ మళ్ళీ బిగించాను. రెండు వారాలు తిరక్కుండా మళ్ళీ ఫోన్. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ బిగించాను. ఆ తర్వాత అతను ఇంటర్నెట్‌లో చలి కనిపెట్టే కెమెరా కొన్నాడు. ఇంటి ఫోటోలు ఎరుపూ నీలమూ రంగుల్లో పొద్దున్నా సాయంత్రమూ నాకు మెయిల్ చేసేవాడు. ఫోటోల్లో ఎక్కడ చూసినా నీలమే, అంటే చలే. నేను బదులివ్వడం మానేస్తే మాధవి ఫోన్ చేసింది.

"ప్రసాద్ గారూ, నిజం చెప్తాను. తెరుస్తున్నది మా అమ్మ. మా ఆయనకి తెలుసు. అత్తగారిని అనలేక ఉడతలని అంటున్నాడు."

మాధవి తల్లి రాజ్యలక్ష్మిగారు పురుడు పోయడానికి డిసెంబరు మొదటి వారంలో రేపల్లె నుంచి వచ్చారు. ఆవిడ వచ్చిన రోజునుంచే ఇల్లు చల్లబడింది. నేను రెండుసార్లు వెళ్ళినప్పుడూ ఆవిడ వంటగదిలో కూరగాయలు తరుగుతూ నన్ను తలెత్తి చూసి, మళ్ళీ తల దించుకున్నారు.

"మీరు చెప్పొచ్చు కదమ్మా," అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పానో! ఎందుకమ్మా అంటే గాలి ఆడాలి అంటుంది. అంతే. రెండో మాట లేదు. గట్టిగా అరిస్తే ఏడుస్తుంది. నిన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి నా బెడ్‌రూమ్‌లో కిటికీ తెరిచి ఉంది, దుప్పటి మీద మంచు. నాకు ఓపిక లేదండీ. ఈ ఇల్లు అమ్మేసి ఆసుపత్రి పక్కన అపార్ట్‌మెంట్‌కి పోదామంటున్నాను. ఆయన వినడు. అమ్మనేమో అల్ఫారెట్టాలో మా అక్క దగ్గరికి పంపేద్దామంటున్నాడు. పురిటికి వచ్చిన అమ్మని పంపేస్తారా ఎవరైనా?"

ఈ సంసారంలో నాకేం పని అనుకున్నాను. కానీ నేను బిగించిన ఇల్లది. జనవరి మొదట్లో మూడోసారి బయల్దేరాను. దారంతా తిట్టుకుంటూనే నడిపాను.

నేను వెళ్ళేసరికి మాధవి ఆసుపత్రిలో ఉంది. శ్రీధర్ పైన కాన్ఫరెన్స్ కాల్‌లో ఉన్నాడు. రాజ్యలక్ష్మిగారు నన్ను చూసి కుర్చీ చూపించారు. స్టోర్‌రూమ్ కిటికీ బార్లా తెరిచి ఉంది. బయట కొమ్మలు గడ్డకట్టి ఉన్నాయి. రేంజ్ పొయ్యి ఊరందరికీ వేడి పంచుతోంది.

నాకు సహనం అయిపోయింది. "పిన్నిగారూ, నేను మూస్తున్నాను, మీరు తెరుస్తున్నారు. మనిద్దరిలో ఎవరో ఒకరం మానెయ్యాలి."

"నువ్వే మానెయ్యి నాయనా," అన్నారావిడ, కత్తిపీట మీదనుంచి చూపు ఎత్తకుండా.

"మీ అమ్మాయి చలికి వణుకుతోంది. కడుపుతో ఉంది."

"కడుపుతో ఉందనే."

ఆ మాట అన్న తీరుకి నేను ఆగాను. ఆవిడ మెట్ల వైపు ఒకసారి చూశారు. పైనుంచి అల్లుడి గొంతు ఇంగ్లీషులో గడగడా వినిపిస్తోంది. కత్తిపీట మడిచి పక్కన పెట్టి, పొయ్యిని చూపించారు.

"అందులో ఏం కాలుతోంది?"

"బొగ్గు."

"పొగ కనిపిస్తోందా?"

"లేదు."

"మా అక్క గదిలోనూ కనిపించలా," అన్నారు.

తర్వాత ఆవిడ చెప్పింది ఎంతో లేదు. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు అక్క పుట్టింటికి పురిటికి వచ్చింది. ముసురు పట్టిన రోజులు. పురుడు వచ్చాక బాలింతకి శీతలం చేస్తుందని కిటికీ రెక్కలు మూసి, సందుల్లో గోనెపట్టాలు కుక్కి, గదిలో కుంపటి పెట్టారు. బాగా రగిలిన బొగ్గులు గనక పొగ లేదు. తెల్లవారాక అక్కకి కాఫీ ఇచ్చి రమ్మని ఈవిడని పంపారు.

"ముఖం ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉంది. లేపాను. పిల్లాడినీ లేపాను." ఆవిడ చెంగుతో పొయ్యి అంచు మీద లేని మసిని తుడిచారు. "గాలి సోకిందని అన్నారు అందరూ. గాలి లేక పోయారని మా మేనమామ అన్నాడు. ఆయన కాంపౌండరు."

నేను, "ఈ సంగతి మాధవికి తెలుసా?" అన్నాను.

"పురిటికి ముందు ఆ మాట ఎలా చెప్పను? నోట్లోంచి రాకూడదు. నువ్వూ చెప్పొద్దు. నన్ను మొండిదనుకోనీ, ఫర్వాలేదు. ఏడాదంతా ఆరని కుంపటి ఇంట్లో పెట్టుకుని, నువ్వొచ్చి సందు సందూ మూసి పోతుంటే నాకు కంటి మీద కునుకు ఎలా పడుతుంది?"

ఇది కుంపటి కాదు, దీనికి గొట్టం ఉంది, గాలి పైకి పోతుంది, నేను పరీక్ష చేశాను అని చెప్పబోయాను. చెప్పేకన్నా చూపిస్తే నమ్ముతారనిపించింది. ఆవిడనే తోడు తీసుకుని ఇంట్లో కిటికీలన్నీ మూశాను. స్మోక్ పెన్సిల్ వెలిగించాను. అది అగరుబత్తి లాంటిది. సన్నటి తెల్లపొగ వస్తుంది, గాలి ఎటు పోతుంటే పొగ అటు వాలుతుంది. పొయ్యి దగ్గర గాలి పీల్చుకునే మూత పక్కన పట్టుకున్నాను. పొగ లోపలికి పోయింది.

"చూశారా?"

"మరి వంట చేసేటప్పుడో?" అంటూ ఆవిడ లేచి గోడ మీది స్విచ్ నొక్కారు.

తల మీద ఏదో విమానం లేచినట్టు చప్పుడైంది. చూస్తే పక్కనున్న గ్యాస్ స్టవ్ పైన హోటళ్ళలో పెట్టేంత ఎగ్జాస్ట్ హుడ్ ఉంది. నవంబరులో అది లేదు. డిసెంబరులో రెండుసార్లు వచ్చినప్పుడు నా ధ్యాసంతా తలుపుల మీదే ఉంది, దాన్ని చూడనే లేదు.

నా చేతిలోని పొగ ఒక్క క్షణం నిటారుగా నిలబడింది. తర్వాత నా మొహం మీదకి వాలింది. మూత సందులోంచి వేడిగాలి నా మణికట్టుకి తగిలింది. మీటరు తీసి అక్కడ పట్టుకుంటే అంకె ఎక్కడం మొదలైంది. నేను హుడ్ ఆపేసి, వెనక తలుపూ కిటికీలూ నా చేత్తో నేనే తెరిచేశాను.

సంగతి ఇది. హుడ్ ఇంట్లో గాలిని బలంగా బయటికి లాగుతుంది. ఆ లోటు పూడడానికి పాత ఇంట్లో నూరు కంతలుండేవి. నేను వాటిని మూసేశాను. ఇంకెక్కడా దారి దొరక్క గాలి పొగగొట్టంలోంచి కిందికి దిగి, బొగ్గు మీదుగా వంటగదిలోకి వస్తోంది. బొగ్గు నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ఈ నెలరోజులూ ఆ ఇంట్లో అందర్నీ కాపాడింది స్టోర్‌రూమ్ కిటికీ.

శ్రీధర్‌ని కాల్ మధ్యలోంచి కిందికి పిలిచాను. "ఈ హుడ్ ఎప్పుడు పెట్టావు?"

"అత్తయ్యగారు వచ్చేముందు అన్నా. తిరగమోత వాసన వాల్‌పేపర్‌కి పట్టేస్తోందని. నేనే ఇన్‌స్టాల్ చేశాను. వీడియో చూసి."

"అలారాలేవి?"

"ఉన్నాయన్నా."

"ఎక్కడ?"

స్టోర్‌రూమ్ అరలోంచి తెచ్చి ఇచ్చాడు. ప్యాకెట్లు విప్పనే లేదు.

నేను అతన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. ఈ ఉద్యోగంలో క్లయింట్ మీద గొంతెత్తడం అదొక్కసారే. సాయంత్రం మాధవి వచ్చి విన్నది. కుర్చీలో కూర్చుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత భర్తతో చాలా నెమ్మదిగా అంది.

"శ్రీధర్, ప్రతి వింటర్ ఇలాంటి ఫ్యామిలీలు నా ఎమర్జెన్సీ రూమ్‌కి వస్తాయి. నీకు తెలుసు. నేనే ఇంటికొచ్చి చెప్తాను నీకు."

అతను అత్తగారి వైపు చూశాడు. "సారీ అత్తయ్యా," అన్నాడు. నాకు తెలిసి ఆమెతో అతను నేరుగా అన్న మొదటి మాట అదే. ఆవిడ తలుపు చాటుకి వెళ్ళి, "అల్లుడుగారికి కాఫీ కలపనా అడగవే," అన్నారు కూతురితో.

ఆ వారమే పొయ్యి ఆర్పించి పని మొదలుపెట్టాం. రాక్షసి హుడ్ పీకేసి చిన్నది పెట్టాం. వంటగది గోడకి బయటినుంచి కన్నం తొలిచి, అక్కడినుంచి ఒక గొట్టం లాగాం. హుడ్ స్విచ్ వేస్తే గొట్టం మూత తెరుచుకుని బయటి గాలి లోపలికి వస్తుంది. పోయిన గాలికి బదులు గాలి. దీన్నే మేకప్ ఎయిర్ అంటారు. మూడు నెలలు ఆ ఇంట్లో కన్నాలు పూడ్చినవాణ్ణి, చివరికి చక్కటి గోడకి నేనే రంపం పెట్టి కన్నం చేస్తున్నాను. ఫోరమ్‌లో ఎవరో ఇది తప్పన్నారని శ్రీధర్ చెప్పబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు.

పొయ్యి మళ్ళీ రాజేశాక పరీక్ష నేను చేయలేదు. స్మోక్ పెన్సిల్ రాజ్యలక్ష్మిగారి చేతికిచ్చాను. ఆవిడ తలుపులన్నీ తనే మూసి, తనే హుడ్ వేసి, పొయ్యి ముందు వంగి నిలబడ్డారు. పొగ లోపలికే పోయింది. నమ్మకం చాలక బాత్రూమ్ ఫ్యాన్లూ, బట్టలారబెట్టే మిషనూ వేయించారు. నిజానికి మేము వేయవలసినవే అవి. మళ్ళీ చూశారు. పొగ లోపలికే పోయింది. అలారం బటన్ నొక్కి అది ఎలా అరుస్తుందో విన్నారు. అప్పుడు వెళ్ళి స్టోర్‌రూమ్ కిటికీ కిందికి దించి గొళ్ళెం పెట్టారు.

"అమ్మాయి గదిలో మాత్రం వేలెడు సందు ఉంచుతాను నాయనా. అది నా కోసం," అన్నారు.

"ఉంచండి పిన్నిగారూ."

"అన్నా, హీట్ లాస్..." అన్నాడు శ్రీధర్.

"పోనీలే శ్రీధర్," అన్నాను.

ఫిబ్రవరిలో మాధవికి ఆడపిల్ల పుట్టింది. నేను చూడడానికి వెళ్ళినప్పుడు రాజ్యలక్ష్మిగారు వంటగదిలో, పొయ్యి వెచ్చదనానికి దగ్గరగా, కాళ్ళ మీద పిల్లని పడుకోబెట్టుకుని నలుగు పెడుతున్నారు. పై అంతస్తు ఇంకా చల్లగానే ఉంది. అంత ఇంటిని ఒక పొయ్యి వేడెక్కించలేదని శ్రీధర్ ఇప్పటికీ ఒప్పుకోడు గానీ, మూడో అంతస్తుకి తలుపు బిగించి, తన ఆఫీసు వంటగది పై గదిలోకి మార్చుకున్నాడు. ఇల్లు అమ్మే మాట మళ్ళీ రాలేదు.

వెళ్ళేటప్పుడు మాధవి గుమ్మం దాకా వచ్చింది. "అమ్మకి హుడ్ వల్ల ప్రమాదమని తెలియదు కదా ప్రసాద్ గారూ. మరి అన్ని రోజులూ కిటికీలు ఎందుకు తెరిచింది? మీతో ఏమైనా చెప్పిందా?"

"మీరే అడగండి. తొందరేం లేదు, పిల్లకి కొన్ని నెలలు రానివ్వండి," అన్నాను. తర్వాత అడిగిందో లేదో నాకు తెలియదు.

అప్పటిదాకా నేను ఇల్లు కొన్నవాళ్ళతోనే మాట్లాడేవాణ్ణి. చలి ఎక్కడ అని వాళ్ళనే అడిగేవాణ్ణి. ఆ తర్వాత పద్ధతి మారింది. బ్లోయర్ డోర్ బిగించేముందు, పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఎవరో కనుక్కుంటాను. వంట చేసే తల్లి కావచ్చు, మంచాన ఉన్న తాత కావచ్చు, పిల్లల్ని చూసే ఆయా కావచ్చు. వాళ్ళ పక్కన కూర్చుని, ఈ ఇంట్లో మీరు మూయని కిటికీ ఏది, ఎందుకు అని అడుగుతాను. ఎక్కువమంది సిగరెట్ కోసమనో, పిల్లి కోసమనో చెప్తారు. కొందరు వెంటనే చెప్పరు. అలాంటి చోట నేను పనిముట్లు బండిలోంచి దించకుండా, వాళ్ళు చెప్పేదాకా కూర్చుంటాను.